ఇష్టంగా తొడుక్కోవడం, వృత్తిగా చేపట్టడం: ఫ్యాషన్‌లో ఏ దారి ఎవరికి?

"బట్టలంటే నాకు ప్రాణం, ఫ్యాషన్‌లోకి వెళ్లాలని ఉంది" అని పదిహేడు పద్దెనిమిదేళ్ల వాళ్లెవరైనా వచ్చి చెబితే నేను మొదట అడిగేది ఒకటే. ఎవరి ఒంటి మీది బట్టలు?

ఈ ప్రశ్నకు చాలామంది తడబడతారు. అప్పటిదాకా వాళ్ల మనసులో ఉన్నది తమ ఒళ్లే. అన్నయ్య వదిలేసిన చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, గుండీ ఒకటి వదిలేసి, అద్దంలో చూసుకుని "ఇది నేనే" అనుకున్న ఆ క్షణమే వాళ్లను ఇక్కడిదాకా తెచ్చింది. ఆ క్షణం చాలా విలువైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. అయితే ఈ రంగంలో ఉద్యోగమంటూ చేరాక మీ ఒళ్లు పక్కకు జరిగిపోతుంది. దర్జీ పనిలో మీ ఎదుట నిలబడేది ఒక భుజం కిందికి దిగిన మనిషి. సినిమా కాస్ట్యూమ్‌లో ఆ ఒళ్లు కాగితం మీద రాసిన పాత్రది. ఫ్యాక్టరీలో మీరు ఎన్నడూ చూడబోని వేల మందిది. సొంత బ్రాండ్ పెడితే డబ్బు ఇచ్చి కొనే అపరిచితులది. ఎవరి ఒంటి గురించి రోజంతా ఆలోచించినా మీకు విసుగు రాదో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఈ కొలతతో పాటు ఇంకో మూడు చూస్తాను. తొలి సంపాదన ఎంత త్వరగా చేతికొస్తుంది? మధ్యలో మనసు మారితే నేర్చుకున్నదాంట్లో ఎంత మిగులుతుంది? ఆ పనిలో రోజూ ఉండే విసుగు భాగం ఏది? మూడోదాన్ని ఎవరూ అడగరు, కానీ నా దృష్టిలో అన్నిటికంటే అదే ముఖ్యం. ప్రతి పనిలోనూ మెరుపు కాసేపే, విసుగు రోజంతా. ఏ విసుగును మీరు ఓర్చుకోగలరో అదే మీ దారి.

ఇష్టాన్ని ఇష్టంగానే ఉంచుకోవడం

సలహాలు ఇచ్చేవారు దీన్ని అసలు దారిగానే లెక్కపెట్టరు. అందుకే ముందుగా దీని గురించి చెబుతున్నాను.

మెక్సికో చిత్రకారిణి ఫ్రిడా కాలో ఏనాడూ బట్టల వ్యాపారం చేయలేదు. ఆరేళ్ల వయసులో పోలియో సోకి ఆమె కుడికాలు సన్నబడింది. 1925లో, 18 ఏళ్లప్పుడు, బస్సు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. ఆ తర్వాత జీవితంలో చాలా భాగం నడుముకు గట్టి కవచాలు బిగించుకునే గడిపింది. ఆమె ఎంచుకున్న దుస్తులు చూడండి. పాదాల దాకా వేలాడే తెహువానా పావడాలు (దక్షిణ మెక్సికో స్త్రీల సంప్రదాయ దుస్తులు) కాలిని కప్పేవి. నడుము దగ్గర బిగుతు లేకుండా నలుచదరంగా కత్తిరించిన పొట్టి రవికలు కవచం మీద హాయిగా కూర్చునేవి. చూసేవాళ్ల కళ్లు తలలోని పూల దగ్గర, మెడలోని బరువైన నగల దగ్గర నిలిచిపోయేవి. ప్లాస్టర్ కవచాల మీద కూడా ఆమె బొమ్మలు గీసుకుంది. 1954లో ఆమె చనిపోయాక ఆ దుస్తులను దాచి మూసేసిన గది 2004 దాకా తెరుచుకోలేదు. ఇప్పుడు అవి ప్రదర్శనశాలల్లో ఆమె చిత్రాలతో సమానంగా నిలుస్తున్నాయి.

ఒంటి బాధకు, పుట్టిన నేలకు, తన రాజకీయాలకు ఒకేసారి జవాబు చెప్పిన దుస్తులు అవి. అమ్ముడుపోవాలన్న ఒత్తిడి ఉండి ఉంటే అలా రూపుదిద్దుకునేవని నేననుకోను.

మీ ఆనందమంతా మీ అద్దంలోనే ఉంటే వేరే ఉద్యోగం చేసుకుంటూ దీన్ని ఇలాగే కాపాడుకోండి. ఇది ఓడిపోయినవాళ్ల దారి కాదు. వృత్తిగా మారిన ఇష్టానికి గడువులు, లెక్కలు, ఇతరుల అభిరుచులు అంటుకుంటాయి. సాయంత్రం ఇంటికొచ్చాక సొంత బట్టల మీద మోజు చచ్చిపోయినవాళ్లను నేను చూశాను. ఈ దారిలో నేర్చుకోవాల్సినవి కొన్నే: గుండీ కుట్టడం, అంచు మడిచి కుట్టడం, వదులైన చొక్కాను పక్క కుట్టు దగ్గర లోపలికి తీసుకోవడం. ఈ మూడూ వస్తే కొత్తది కొనకుండానే ఉన్న బట్టలు మీ మాట వింటాయి. మరో మంచి సంగతి, ఇక్కడి నుంచి మిగతా ఏ దారికైనా ఎప్పుడైనా మళ్లవచ్చు.

డిజైన్ కళాశాలా, గురువు దగ్గర పనా?

అసలు పీటముడి ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

ముందుగా ఒక చొక్కా చేతి గురించి చెప్పాలి. కోటుకైనా, చొక్కాకైనా చేయి విడిగా కత్తిరిస్తారు. దాని పైభాగం గుమ్మటంలా ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి చంక చుట్టూ ఉన్న గుండ్రానికి కలిపి కుట్టాలి. తమాషా ఏమిటంటే, కోటులో ఆ గుమ్మటం అంచు పొడవు చంక గుండ్రం కంటే ఎక్కువ. తేడా 2 నుంచి 4 సెంటీమీటర్లు ఉంటుంది. పొరపాటున వచ్చిన తేడా కాదు, కావాలనే ఉంచుతారు. భుజం గుండ్రంగా ఉంటుంది కదా, ఆ గుండ్రం నిండాలంటే అక్కడ గుడ్డ కాస్త ఎక్కువ ఉండాలి. ఆ ఎక్కువ గుడ్డను కుచ్చు పడకుండా, ముడత కనిపించకుండా చిన్న గుండ్రంలోకి ఇమిడ్చాలి. కచ్చా కుట్టు రెండు వరుసలు వేసి, దారం మెల్లగా లాగి, ఆవిరి పట్టి, వేళ్లతో సర్దుతూ పోవాలి. నూలు బట్ట మొండికేస్తుంది, ఉన్ని బట్ట మాట వింటుంది. ఈ తేడా పుస్తకంలో చదివితే ఒక వాక్యం. వేళ్లకు తెలియాలంటే పది చేతులైనా కుట్టి విప్పాలి.

నేను మొదటిసారి కుట్టిన చేతిని మా గురువుగారు ఒక్క మాటా అనకుండా వెలుతురుకు ఎత్తిపట్టి చూపించారు. ముందువైపు భుజం దగ్గర మూడు సన్నటి ముడతలు. విప్పాను, మళ్లీ కుట్టాను. ముడతలు పోయాయి కానీ చేయి వెనక్కి తిరిగింది, తొడుక్కున్న మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డట్టుగా. మూడోసారి విప్పేటప్పుడు అర్థమైంది: మనిషి చేతులు నిటారుగా వేలాడవు, కాస్త ముందుకు వంగి ఉంటాయి. అందువల్ల ఎక్కువ గుడ్డ ముందుకూ వెనక్కూ సమానంగా పంచకూడదు. అంతకు ముందు ఏళ్ల తరబడి మనుషుల బట్టలు చూస్తూనే ఉన్నాను, చేతులు ఎలా వేలాడతాయో ఒక్కసారీ చూడలేదు.

గురువు దగ్గర పని ఇచ్చేది ఈ చూపును. మెల్లగా వచ్చినా ఇది మళ్లీ పోయేది కాదు. తొలి నెలల్లోనే ఎంతో కొంత డబ్బు చేతికొస్తుంది. కష్టాలూ ఉన్నాయి. కొందరు ఏడాది పాటు కాజాలు, గుండీలు తప్ప మరేమీ నేర్పరు. కొన్నిచోట్ల నేర్పడం పేరుతో జీతం లేకుండా చాకిరీ చేయించుకుంటారు. ఒకే రకం బట్ట, ఒకే రకం కోత నేర్చుకుని అక్కడే ఆగిపోయే ప్రమాదమూ ఉంది. చేరేముందు సూటిగా అడగండి: ఆరు నెలలకు నా చేతికి ఏ పని ఇస్తారు? జవాబు స్పష్టంగా లేకపోతే ఇంకోచోటు వెతుక్కోండి.

కళాశాల ఇచ్చేది వేరు. అది మీకు తప్పులు చేసే తీరికను ఇస్తుంది. ఎవరూ కొనని, ఎవరూ తొడగలేని వింత దుస్తులు చేసి, అవి ఎందుకు కుదరలేదో తెలుసుకునే అవకాశం బయట ఎక్కడా దొరకదు. సాటి విద్యార్థులు దొరుకుతారు, తర్వాత ఇరవై ఏళ్లపాటు పని ఇచ్చిపుచ్చుకునేది ఎక్కువగా వాళ్లతోనే. దుస్తుల చరిత్ర, గుడ్డల శాస్త్రం, ఒక ఆలోచనను మొదటి గీత నుంచి చివరి కుట్టు దాకా లాక్కెళ్లే పద్ధతి, అన్నీ ఒకచోట దొరుకుతాయి. బదులుగా మూడు నాలుగేళ్ల కాలం, పెద్ద మొత్తంలో డబ్బు తీసుకుంటుంది. చదువు పూర్తయ్యాక కూడా తొలి ఉద్యోగంలో మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

చేరాలనుకునే కళాశాలకు స్వయంగా వెళ్లి చూడండి. ప్రచార పత్రంలోని ఫ్యాషన్ షో బొమ్మలు చూసి మోసపోవద్దు. ఆ షోలో వేసిన ఒక దుస్తును చేతిలోకి తీసుకుని లోపలి వైపు తిప్పి చూపించమని అడగండి. అస్తరు శుభ్రంగా కుట్టి ఉందా? కుట్టు అంచులు పీచులు రాకుండా కట్టి ఉన్నాయా, లేక జిగురుతో అతికించి పైకి బాగా కనబడేలా చేశారా? పైభాగం ఆ విద్యార్థి ప్రతిభను చూపిస్తుంది, అక్కడ ఏం నేర్పుతున్నారో లోపలి భాగమే చెబుతుంది. ఎంతమందికి ఒక కుట్టు మిషన్ ఉంది, తరగతి అయిపోయాక కుట్టు గది తెరిచి ఉంచుతారా, గత రెండు మూడు బ్యాచుల వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని కూడా అడగండి. చివరి ప్రశ్నకు ఒకరిద్దరు పేరున్నవాళ్లను మాత్రమే చూపిస్తే అనుమానించండి. పేరు లేని మిగతా నలభై మంది సంగతే మీకు కావాలి, ఎందుకంటే మీరు వాళ్లలో ఒకరయ్యే అవకాశమే ఎక్కువ.

రెండు దారుల్లో ఏది మేలని చరిత్రను అడిగితే ఒక్క జవాబు రాదు. బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్ పదహారేళ్లకు బడి మానేసి లండన్‌లో మగవారి సూట్లకు పేరుపొందిన సావిల్ రో వీధిలో దర్జీ పనికి చేరాడు. తర్వాత నాటకాల దుస్తులు కుట్టేచోట పనిచేశాడు. ఆ తర్వాతే సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ డిజైన్ కళాశాలలో పైచదువు చదివి 1992లో బయటికొచ్చాడు. అతని దుస్తులు ఎంత విపరీతంగా కనిపించినా కోత మాత్రం తప్పేది కాదు. ముందు చేయి, తర్వాత ఊహ అన్న క్రమమే దానికి కారణమని నేను నమ్ముతాను. మరోవైపు జపాన్ డిజైనర్ రేయ్ కవాకుబో ఫ్యాషన్ కళాశాల గడప తొక్కలేదు. లలితకళలు, సాహిత్యం చదివి, వస్త్రాల కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసి, 1969లో కామ్ డె గార్సాన్ పేరుతో బట్టలు చేయడం మొదలుపెట్టింది. 1981లో పారిస్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. ప్యాటర్న్, అంటే గుడ్డ ముక్కల కోత నమూనా, గీయడంలో ఆరితేరిన నిపుణులతో కలిసి పనిచేయడం ఆమె పద్ధతి. ఆలోచన ఆమెది, దాన్ని గుడ్డలోకి దించే చేయి వాళ్లది.

నా అభిప్రాయం దాచుకోను. మీకు ఇరవై ఏళ్లలోపే ఉండి, డబ్బు ఇబ్బందిగా ఉంటే ముందు ఒక ఏడాది కుట్టు నేర్చుకోండి. ఆ తర్వాత కూడా కళాశాల కావాలనిపిస్తే మీరు కట్టే ప్రతి రూపాయికీ రెట్టింపు రాబట్టుకుంటారు. డబ్బు ఇబ్బంది లేకపోయినా, మీకు గీయడం తప్ప కుట్టడం మీద ఆసక్తి లేదనిపిస్తే కాస్త ఆగి ఆలోచించండి. ఇప్పుడు కంప్యూటర్ అందమైన ఫ్యాషన్ బొమ్మను క్షణంలో గీసి ఇస్తుంది. ఆ బొమ్మలోని గుడ్డ నిజంగా అలా జారుతుందా, ఆ గౌనులో మనిషి కూర్చోగలదా అని చెప్పగలిగేవారి విలువే పెరుగుతోంది.

పాత్రలకు దుస్తులు, ఫొటోలకు దుస్తులు

కాస్ట్యూమ్ డిజైనింగ్, స్టైలింగ్ రెండూ ఒకటేనని అనుకునేవారు చాలామంది. దగ్గరి చుట్టాలే, స్వభావాలు మాత్రం వేరు.

కాస్ట్యూమ్ పని చదవడంతో మొదలవుతుంది. కథలో ఈ మనిషి చొక్కా ఎవరు ఉతుకుతారు, ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు, దాన్ని ఎక్కడ కొన్నాడు అని ఆలోచించాలి. కొత్త చొక్కా తెచ్చి పాతదిగా మార్చడం ఇందులో ఒక కళ. గరుకు కాగితంతో మోచేతుల దగ్గర, కాలరు మడత మీద, జేబు అంచున రుద్దుతారు. జేబుల్లో బరువులు వేసి తడిపి ఆరబెడతారు, అప్పుడు అవి ఏళ్ల తరబడి చేతులు పెట్టుకున్నట్టుగా సాగుతాయి. టీ నీళ్లలో ముంచి తెలుపును చంపుతారు. గాయపడే సన్నివేశం ఉంటే అదే చొక్కా నాలుగైదు సిద్ధం చేసి, అన్నిటినీ ఒకే తీరుగా అరగదీయాలి. అందం గురించి కలలు కని వచ్చినవాళ్లు చిరుగులు, చెమట మరకలు తయారుచేస్తూ కూర్చుంటారు. అది చేస్తూ కడుపు నిండినట్టు అనిపించేవాళ్లే ఇక్కడ నిలబడతారు.

భాను అథైయా చిత్రకళ చదివి, పత్రికకు ఫ్యాషన్ బొమ్మలు గీస్తూ సినిమాల్లోకి వచ్చింది. 'గాంధీ' చిత్రానికి 1983లో జాన్ మోలోతో కలిసి ఆస్కార్ అందుకుంది. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. ఆ చిత్రంలో ఏ దుస్తూ "నన్ను చూడు" అనదు. లక్షల మంది జనంలో కూడా ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో బట్టలే చెబుతాయి. హాలీవుడ్‌లో ఎడిత్ హెడ్ ఎనిమిది ఆస్కార్లు గెలిచింది, ఆమె అంతకు ముందు బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పేది. ఈ రంగంలోకి ఏ తలుపు నుంచైనా రావచ్చనడానికి ఈ ఇద్దరి కథలు చాలు.

స్టైలింగ్ అంటే ఫొటోల కోసం మనుషులకు బట్టలు ఎంచి తొడిగే పని. ఇందులో వేగం ఎక్కువ. దుస్తులు మీవి కావు, తెచ్చి వాడి తిరిగి ఇచ్చేయాలి. చెప్పుల అడుగున గీత పడకుండా టేపు అంటించడం, వదులైన కోటును వెనక క్లిప్పులతో బిగించి ముందు నుంచి కొలిచి కుట్టినట్టు చూపించడం, అర్ధరాత్రి దాకా ఇస్త్రీ చేయడం తొలి ఏళ్ల పని. మనుషులతో ఓపికగా ఉండగలగాలి. అద్దంలో తనను తాను చూసుకుని ముడుచుకుపోయే మనిషికి ధైర్యం చెప్పి నిలబెట్టడం మంచి స్టైలిస్ట్ చేసే పనుల్లో అన్నిటికంటే గొప్పది. చదువు ఖర్చు తక్కువే కానీ ఆదాయం ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోనిదే దూకవద్దు.

స్నేహితులకు ఏది నప్పుతుందో ఇట్టే చెప్పేస్తారా? స్టైలింగ్ ప్రయత్నించండి. కథ చదివేటప్పుడు మనుషులు ఏం తొడుక్కున్నారోనని మనసులో చూస్తారా? కాస్ట్యూమ్ వైపు వెళ్లండి.

తెర వెనుక కొలువులు

ఫ్యాషన్ అనగానే ఎవరి కళ్ల ముందూ మెదలని ఉద్యోగాలే ఇందులో ఎక్కువ. ప్యాటర్న్ మాస్టర్, మర్చండైజర్, నాణ్యత పరీక్షించేవారు, గుడ్డ నేత, అద్దకాల నిపుణులు. నెలనెలా జీతం, క్రమమైన ఎదుగుదల కావాలంటే నేను ముందుగా చూపించేది ఇటువైపే.

ప్యాటర్న్ పనినే తీసుకోండి. ఒక సైజుకు సరిపోయిన చొక్కాను మిగతా సైజులకు పెంచాలి. అన్నివైపులా సమానంగా పెంచితే సరిపోదు. ఛాతీ పెరిగినంతగా మెడ పెరగదు, భుజం ఇంకా తక్కువ పెరుగుతుంది, జేబు అసలు పెరగకపోవచ్చు. ఏది ఎంత పెంచాలో తేల్చేవారి లెక్క ఒక్క మిల్లీమీటరు తప్పితే ఆ తప్పు వేల చొక్కాల్లో అచ్చుపడుతుంది. ఆ లెక్క సరిగ్గా ఉంటే పెద్ద సైజు వేసుకునే అమ్మాయి దుకాణంలో అద్దం చూసి మొదటిసారి నవ్వుకుంటుంది. ఆమెకు మీ పేరు తెలియదు. కానీ ఆమె తన్ను తాను చాటుకోవడానికి మీరు చోటిచ్చారు. మొదట్లో అద్దం ముందు మీరు పొందిన ఆ ఆనందాన్ని ఇంతమందికి పంచే పని ఫ్యాషన్‌లో ఇంకొకటి లేదని నా నమ్మకం. ఇప్పుడు ఈ పనిలో కొంత కంప్యూటర్ మీద జరుగుతోంది. తెర మీదే బట్టను కుట్టి బొమ్మకు తొడిగి చూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. చేత్తో కోత తెలిసినవారు వాటిని నేర్చుకుంటే ఎక్కడైనా ఆదరణ ఉంటుంది.

మర్చండైజర్ కావాలనుకునేవారికి మరో మాట. మీరు ఆర్డర్లు, గడువులు, ధరలు చూస్తారు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉండేవి. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి, అయినా కార్మికులను పనిలోకి రమ్మన్నారు. గడువు తప్పితే ఆర్డర్ పోతుందన్న భయం ఈ రంగాన్ని ఎంతగా నడిపిస్తుందో ఆ రోజు ప్రపంచానికి తెలిసింది. చివరి నిమిషంలో రంగు మార్చమని మీరు పంపే ఒక సందేశం ఎక్కడో ఒక గదిలో ఎవరినో రాత్రంతా మిషన్ ముందు కూర్చోబెడుతుంది. లెక్కలు ఇష్టపడుతూ, ఆ గదినీ మరిచిపోని మనసు గలవారు ఈ ఉద్యోగాల్లోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సొంత బ్రాండ్

అందరూ కలగనేది దీని గురించే. తొలి అడుగుగా నేను ఎవరికీ చెప్పనిదీ ఇదే.

కారణం ప్రతిభ కాదు, డబ్బు తిరిగే తీరు. గుడ్డకు ముందు చెల్లించాలి. కుట్టినవారికి ముందు చెల్లించాలి. దుకాణాల ద్వారా అమ్మితే డబ్బు నెలల తర్వాత వస్తుంది. ఈలోగా వచ్చే రుతువుకు మళ్లీ గుడ్డ కొనాలి. పెద్ద ప్రదర్శనల్లో వసంత, వేసవి దుస్తులను ముందటి సెప్టెంబరు, అక్టోబరులోనే చూపిస్తారు. అంటే ఎప్పుడూ ఆరు నెలల ముందు బతకాలి, అదీ ఇంకా రాని డబ్బుతో. బాగా అమ్ముడవుతూనే మూతపడిన బ్రాండ్లు ఉన్నాయి. ఆర్డర్లు పెరిగినకొద్దీ ముందుగా పెట్టాల్సిన డబ్బూ పెరుగుతుంది కదా.

బ్రిటిష్ డిజైనర్ మేరీ క్వాంట్ 1955లో లండన్‌లో చిన్న దుకాణం తెరిచినప్పుడు మొదట ఇతరుల దగ్గర కొన్న బట్టలే అమ్మింది. అవి నచ్చక సొంతంగా చేయడం మొదలుపెట్టి, సాయంత్రం తరగతుల్లో కోత నేర్చుకుంది. ఆ రోజు అమ్మిన డబ్బుతో గుడ్డ కొని, రాత్రికి కుట్టించి, మరుసటి రోజు అమ్మేవారు. చిన్నగా మొదలుపెట్టేవారికి ఇప్పటికీ అంతకు మించిన పాఠం లేదు. కుట్టడానికి, అమ్మడానికి మధ్య ఉన్న రోజులను తగ్గించండి.

ఆలస్యమవుతుందని భయపడకండి. ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ వైద్య విద్య మధ్యలో వదిలేసి, మిలాన్‌లో ఒక పెద్ద దుకాణం అద్దాల వెనుక బట్టలు అలంకరించే పనికి చేరాడు. ఇతరుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాక 1975లో, 41వ ఏట సొంత సంస్థ పెట్టాడు. ఫ్రెంచి డిజైనర్ క్రిస్టియన్ డియోర్ 1947లో తన తొలి దుస్తుల శ్రేణితో సంచలనం సృష్టించేనాటికి 42 ఏళ్లవాడు. ఇరవై రెండేళ్లకు సొంత పేరు బోర్డు మీద లేదని కుమిలిపోయేవారు ఈ రెండు వయసులను గుర్తుంచుకోండి.

రాసేవారు, ఫొటోలు తీసేవారు, వీడియోలు చేసేవారు

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మొదలుపెట్టడం తేలిక, ఫోను ఉంటే చాలు. అయితే తిరిగి రావడం కష్టం. రెండేళ్లు వీడియోలు చేసినవారికి కోత రాదు, కుట్టు రాదు, మిగిలేది చూసేవారి సంఖ్య ఒక్కటే. కంపెనీలు ఉచితంగా పంపే బట్టలు వేసుకుంటూ పోతే కొన్నాళ్లకు అద్దంలో మీరు కనబడరు. బట్టలు ఉచితంగా తీసుకున్న విషయాన్ని ప్రతిసారీ చూసేవారికి చెప్పండి.

ఇందులో నేను ఆరాధించే మనిషి బిల్ కన్నింగ్‌హామ్. టోపీలు తయారుచేసే పనితో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు న్యూయార్క్ వీధుల్లో సైకిల్ మీద తిరుగుతూ దారిన పోయేవారి దుస్తులను ఫొటోలు తీశాడు. తాను మాత్రం పనివాళ్లు వేసుకునే నీలం కోటు ఒక్కటే వేసుకునేవాడు. ఎవరి ఒంటి మీది బట్టలు అన్న ప్రశ్నకు అతని జవాబు చాలా స్పష్టం: నావి కావు, మీవి.

ఇంకా తేలలేదా?

కాగితం మీద ఎంత పోల్చినా చేతికి తెలిసినంతగా తెలియదు. ఒక మూడు నెలలు పెట్టుకోండి. మొదటి నెలలో పాత చొక్కా ఒకటి తీసుకుని కుట్లు విప్పి, ముక్కలను కాగితం మీద పరిచి గీసుకుని, ఆ గీతలతో చవక గుడ్డ మీద అదే చొక్కా కుట్టండి. రెండో నెలలో మీ కంటే వయసులోనూ ఒడ్డూపొడుగులోనూ బాగా తేడా ఉన్న ఒకరిని ఒప్పించి, వాళ్లకున్న బట్టలతోనే ఏడు రోజులు అలంకరించండి, కొత్తది ఏదీ కొనకుండా. మూడో నెలలో ఒకే రకం సంచులో, స్కార్ఫులో పది చేసి, మిమ్మల్ని ఎరగనివారికి అమ్మండి. ఖర్చు, గంటలు, వచ్చిన డబ్బు అన్నీ రాసుకోండి.

ప్రతి రాత్రి రెండు ముక్కలు రాసుకుంటే చాలు: ఈ రోజు ఏ పని చేస్తుంటే టైము తెలియలేదు, ఏ పనిని రేపటికి వాయిదా వేశాను. మొదటి నెల చొక్కా బాగా రాకపోయినా పర్వాలేదు. కానీ చేయి కుట్టి, ముడత చూసి, విప్పి, మళ్లీ కుట్టాలనిపించిందా? అనిపిస్తే గురువును వెతకండి. విప్పాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చి, రెండో నెలలో ఆ మనిషి అద్దం ముందు నిటారుగా నిలబడినప్పుడు ఒళ్లు పులకరిస్తే మీ చోటు స్టైలింగ్‌లోనో, కాస్ట్యూమ్‌లోనో ఉంది. మూడో నెలలో సంచుల కంటే వాటి లెక్కల పుస్తకమే మీకు నచ్చితే మర్చండైజింగ్ వైపు చూడండి, బ్రాండ్ సంగతి పదేళ్ల తర్వాత. మూడు నెలలూ విసుగే మిగిలి, ఆదివారం ఉదయం మీకోసం మీరు బట్టలు ఎంచుకునేటప్పుడు మాత్రమే సంతోషం కలిగిందంటే మొదటి దారి మీకోసం ఎదురుచూస్తోంది.

ఇంట్లోవాళ్లను ఒప్పించాల్సి వస్తే వాదనకు దిగకుండా ఈ మూడు నెలల పుస్తకం వాళ్ల ముందు పెట్టండి. బొమ్మల పుస్తకం కంటే గంటలు, ఖర్చులు, తప్పులు రాసుకున్న పుస్తకాన్నే పెద్దవాళ్లు నమ్ముతారు.

పాత చొక్కా ఎంచుకునేటప్పుడు గళ్లది కాకుండా సాదాది తీసుకోండి, గళ్లు కలపడం మొదటిసారికి కష్టం. కుట్లు విప్పడం చేతి దగ్గర మొదలుపెట్టండి. విప్పేముందు భుజం దగ్గర రెండు ముక్కల మీదా సుద్దతో ఒక గుర్తు పెట్టుకోండి, లేకపోతే మళ్లీ కలిపేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలియదు.